వెనక్కి తిప్పిన సీటు

కార్డుతో తాళం తీసి ఎవరైనా వాడుకునే ఊరి సైకిళ్ళకు ఒక పద్ధతి ఉంది. దాన్ని ఏ ఆఫీసూ పెట్టలేదు, ఏ బోర్డు మీదా రాయలేదు. స్టాండులోంచి తీసిన సైకిలుకు గాలి లేకపోయినా, గొలుసు జారుతున్నా, బ్రేకు పట్టకపోయినా, తీసినవాళ్ళు దాన్ని మళ్ళీ స్టాండులో పెట్టి, సీటు కింద మర వదులు చేసి, ముక్కు వెనక్కి వచ్చేలా తిప్పేసి పోతారు. తరవాత వచ్చినవాళ్ళు ఆ సీటు చూసి పక్క సైకిలు తీసుకుంటారు. ఎప్పుడో ఒకప్పుడు బాగుచేసే షెడ్డు నుంచి వ్యాను వచ్చి, సీటు తిరిగిన సైకిళ్ళను ఎక్కించుకుపోతుంది. ముక్కూమొహం తెలియని మనిషి మరో ముక్కూమొహం తెలియని మనిషికి చెప్పే జాగ్రత్త అది. దాన్ని మొదట ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు.

షెడ్డు మేస్త్రీకి ఆ పద్ధతి మీద గౌరవం. మనుషులు చెడ్డవాళ్ళని ఎవరైనా అంటే ఆయన ఈ సీట్ల సంగతే చెప్పేవాడు. "ఎవరు చూస్తున్నారని తిప్పుతున్నారయ్యా వాళ్ళు? దేవుడొక్కడే చూస్తున్నాడు" అనేవాడు.

ఆయన వియ్యపురాలు మిట్ట మీది పేటలో ఉంటుంది. ఆసుపత్రి బట్టల గదిలో ఇస్త్రీ పని. బస్సులు కదలకముందే ఆమె పని మొదలవుతుంది కాబట్టి పొద్దున సైకిలు మీద వాలు దిగుతుంది. సాయంత్రం అదే వాలు సైకిలు తోసుకుంటూ ఎక్కుతుంది. "పొద్దున అది నన్ను మోస్తుంది, సాయంత్రం నేను దాన్ని మోస్తాను. మొగుడూ పెళ్ళాల్లాగా సరిపోయాం" అని నవ్వుతుంది. పేటలో చాలామందిది అదే బతుకు. బ్యాటరీ సైకిళ్ళు వస్తే మిట్ట ఎక్కడం కూడా కూర్చునే ఎక్కచ్చని, స్టాండ్లు ఇంకో నాలుగు వీధులకు వస్తాయని వాళ్ళ ఆశ. దానికి పురపాలక సభ నిధులివ్వాలి. ఇచ్చే ముందు సభ్యులు కొందరు వచ్చి స్టాండ్లు చూస్తామన్నారు.

వాళ్ళు వచ్చే ముందురోజు సాయంత్రం సైకిళ్ళ ఆఫీసరు షెడ్డుకి వచ్చాడు. చెడ్డవాడేమీ కాదు. ఈ నిధుల కోసం చెప్పులరిగేలా తిరిగినవాడు.

"మేస్త్రీ, మిట్ట మీద స్టాండులో సగం సీట్లు వెనక్కి తిరిగున్నాయట."

"సగం లేవు సార్. కొన్ని. సామాను రాక ఆగాయి. బ్రేకు తీగలు అడిగి చాన్నాళ్ళయింది."

"తీగలకైనా డబ్బు ఆ సభే ఇవ్వాలి. ఇవ్వాలంటే రేపు వాళ్ళ కంటికి బాగుండాలి."

"రాత్రికల్లా షెడ్డుకి తెచ్చేస్తాం సార్."

"తెస్తే స్టాండు బోసిపోతుంది. ఉన్నవే లేవు, కొత్తవి దేనికంటారు. సైకిళ్ళు అక్కడే ఉండనీ. సీట్లు మాత్రం ముందుకి తిప్పు. వాళ్ళు వెళ్ళాక మళ్ళీ నీ ఇష్టం."

వ్యాను డ్రైవరును షెడ్డులో అందరూ గేరు అంటారు. మాట మధ్యలో గొంతు మార్చే అలవాటు అతనిది. "ఫోటో దిగేముందు పౌడరు రాసినట్టా సార్?" అన్నాడు.

"రాయి. ఫోటో అయ్యాక కడుక్కుందాం" అన్నాడు ఆఫీసరు.

మేస్త్రీ కాదనలేకపోయాడు. కాదనడానికి నోరు లేక కాదు. నిధులు రావాలని ఆయనకూ ఉంది. సాయంత్రం మిట్ట ఎక్కుతున్నవాళ్ళ మోకాళ్ళు ఆయన రోజూ చూస్తున్నాడు. పొద్దున్నే, ఎవరూ రాకముందే వచ్చి స్టాండు దగ్గర నిలబడితే సరిపోతుందని లెక్క వేసుకున్నాడు. చెడిపోయినవి తీయబోయినవాళ్ళకు తనే చెప్తాడు. సభ్యులు వచ్చి వెళ్ళగానే సీట్లు మళ్ళీ తిప్పేస్తాడు. ఆ ధైర్యంతో తన చేతులతోనే ఒక్కొక్క మర వదులు చేసి, సీటు ముందుకి తిప్పి, మళ్ళీ బిగించాడు. ఒక సైకిలు సీటును ఎవరో గట్టిగా బిగించి పోయారు. దానికి ముందు బ్రేకు పూర్తిగా తెగిపోయింది, వెనకది పేరుకే ఉంది. ఆ మర తిప్పడానికి ఆయనకు చాలా బలం పట్టింది.

మర్నాడు తెల్లవారకముందే లేచి స్నానం చేశాడు. రోజూ బయల్దేరే ముందు కాసేపు కళ్ళు మూసుకుని కూర్చోవడం ఆయనకు అలవాటు. ఆ పొద్దున మామూలు కంటే ఎక్కువసేపు కూర్చున్నాడు. అడగవలసింది చాలా ఉందనిపించింది. నిధులు మంజూరు కావాలని, సభ్యుల మనసులు మెత్తబడాలని, మిట్ట మీదివాళ్ళ కష్టం తీరాలని అడిగాడు. తన కోసం ఏమీ అడగడం లేదు కదా అని మనసు తేలికగా కూడా ఉంది. అలా అడుగుతూ అడుగుతూ వేళ మరిచిపోయాడు.

కళ్ళు తెరిచేసరికి ఫోను మోగుతోంది. అవతల కూతురు.

"నాన్నా, అత్తయ్య పడిపోయింది. వాలు మలుపులో గోడకి గుద్దుకుంది. ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం."

మేస్త్రీ అటు వెళ్ళలేదు. ముందు మలుపు దగ్గరికి వెళ్ళాడు. సైకిలు గోడ వారగా పడి ఉంది. తెగిన బ్రేకు తీగ వేలాడుతోంది. సీటు తిన్నగా, ముందుకి చూస్తూ ఉంది. దాన్ని వ్యానులో పడేసుకుని షెడ్డుకి తీసుకుపోయి, వంగిన చక్రం మార్చి, ఇంకో పాత సైకిలు నుంచి తీగ పీకి దానికి వేశాడు. ఎవరూ అడగకముందే వేశాడు. గేరు గుమ్మంలో నిలబడి చూశాడు. ఏ జోకూ వేయలేదు.

సభ్యులు వచ్చారు, చూశారు, తళతళలాడే వరసను మెచ్చుకుని వెళ్ళారు. ఆఫీసరు మేస్త్రీ భుజం తట్టాడు. "ఓటింగు అయ్యేదాకా ఒక్క సైకిలు కూడా షెడ్డుకి తేవద్దు. మళ్ళీ ఏ వేళన చూడ్డానికి వస్తారో" అని చెప్పి వెళ్ళిపోయాడు. సీట్లు మళ్ళీ తిప్పుతానని అనుకున్న మాట మేస్త్రీకి ఆ వేళ గుర్తే రాలేదు. ఆయన తల నిండా ఆసుపత్రే ఉంది.

ఆసుపత్రిలో వియ్యపురాలు మంచం మీద కూర్చుని ఉంది. కుడి మణికట్టు విరిగింది. ఇస్త్రీ పెట్టె పట్టే చెయ్యి. ఈయన్ని చూసి నవ్వబోయింది.

"రండి అన్నయ్యగారూ. మీ సైకిలు వెళ్ళి గోడని కావలించుకుంది. నేను అడ్డొచ్చాను."

"నీకు నవ్వులాటగా ఉందమ్మా?" అన్నాడు ఆమె కొడుకు, మేస్త్రీ అల్లుడు. "ఈ వయసులో ఆ వాలులో సైకిలేంటి? ఎన్నిసార్లు చెప్పాను? మామయ్యగారూ, మీరైనా చెప్పండి."



"సీటు చూశాను అన్నయ్యగారూ" అంది ఆమె, కొడుకు మాట పట్టించుకోకుండా. "చీకటైనా చూశాను. తిన్నగానే ఉంది. చూడకుండా ఎక్కే మనిషిని కాదు నేను. మరి బ్రేకు నొక్కితే ఎందుకు పట్టలేదో. చెయ్యే సరిగా నొక్కలేదేమో. ఈమధ్య వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి."

"అదిగో, ఒప్పుకుంది" అన్నాడు కొడుకు.

చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. అయినా మేస్త్రీ "విశ్రాంతి తీసుకోండి చెల్లెమ్మగారూ" అని మాత్రం అని, చల్లగా బయటికి వచ్చేశాడు.

ఆ తరవాత రోజుల్లో ఆయన పొద్దున లేస్తున్నాడు, స్నానం చేస్తున్నాడు, చొక్కా వేసుకుని వెళ్ళిపోతున్నాడు. భార్య చూసి చూసి అడిగింది.

"ఏంటి, దేవుడితో మాటల్లేవా?"

"టైము ఉండటంలేదు."

"టైము లేనప్పుడు కూడా కూర్చునేవాళ్ళుగా. ఎవరు అలిగారు, మీరా, ఆయనా?"

ఆయన చెప్పుల కోసం వెతుకుతున్నట్టు వంగాడు. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి. అలిగితే బాగుండుననిపించింది. కళ్ళు మూసుకుంటే ఆ తిన్నని సీటే కనబడుతోంది. మనుషుల మేలు కోరి చేసిన ప్రార్థన మధ్యలోనే ఒక మనిషి చెయ్యి విరగడం ఏమిటి? దేవుడు విననట్టా? లేక, లేచి వెళ్ళవలసిన వేళ కూర్చుని అడగడమే తప్పా? ఆయనకు తెలియలేదు. తెలుసుకోవడానికి కూర్చునే ముఖం లేకపోయింది.

ఓటింగు రోజు పొద్దున జనం మాట వినడానికి సభ పెట్టారు, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఓటు. మిట్ట మీది పేట తరఫున మాట్లాడతానని ముందే పేరిచ్చింది కాబట్టి వియ్యపురాలు వచ్చింది. చెయ్యి మెడకు కట్టి ఉంది. కొడుకూ కోడలూ చెరో పక్క. మేస్త్రీని ఆఫీసరు వెనక వరసలో కూర్చోబెట్టాడు.

సభ్యుల్లో ఒకాయన్ని ఊరంతా పొదుపు తాత అంటారు. ఏ ఖర్చు వచ్చినా కళ్ళజోడు తీసి తుడుస్తాడు. ఆయన లేచాడు.

"బ్యాటరీ లేని సైకిలు మీంచే మొన్న ఒకామె పడిందట. బ్యాటరీ పెట్టి ఇస్తే ఇంకెక్కడ పడతారో. నాకొకటే చెప్పండి. ఆ సైకిలు బాగుందా, లేదా?"

ఆఫీసరు వెనక్కి చూశాడు. "మా మేస్త్రీ ఉన్నారండీ. బండి ఆయనే చూశారు."

హాలంతా ఇటు తిరిగింది. మేస్త్రీ లేచాడు. ముందు వరసలో వియ్యపురాలు కూడా తల తిప్పి చూసింది, ఆశగానే చూసింది. బాగాలేదంటే నిధులు పోతాయి. మిట్ట మీదివాళ్ళందరి ఆశా తన నోటితో తనే తుంచినట్టవుతుంది. తన ఉద్యోగం సంగతి కూడా అందులో ఉంది. ఎంత ఉందో దేవుడికే తెలియాలి.

"షెడ్డులో చూశానండీ" అన్నాడు. "బ్రేకులు పడుతున్నాయి."

అది అబద్ధం కాదు. షెడ్డులో తను తీగ వేశాక బ్రేకులు పట్టాయి. అబద్ధం కాని ఆ మాట అన్నాక ఆయనకు కూర్చోవడం కూడా చేతకాలేదు. పక్కనున్నవాడు చొక్కా పట్టి లాగితే కూర్చున్నాడు.

"మరైతే నడిపినావిడదే పొరపాటు" అన్నాడు పొదుపు తాత. "సరే. మిగతావాళ్ళ మాట టీ తాగొచ్చి విందాం."

వరండాలో అందరూ టీ తాగుతున్నారు. వియ్యపురాలు మెట్ల దగ్గర నిలబడి, ఎడంచేత్తో సంచిలోంచి సైకిలు కార్డు తీసింది. స్టాండు తాళం తెరిచే కార్డు. దాన్ని మేస్త్రీ చేతిలో పెట్టింది.

"ఇది మీ దగ్గరుంచండి అన్నయ్యగారూ. ఎవరికైనా వయసులో ఉన్నవాళ్ళకి ఇవ్వండి."

"అదేంటి చెల్లెమ్మగారూ."

"బండి బాగుందని మీరే అన్నారుగా. మీరు చూస్తే అందులో ఇంక మాట ఉండదు. తప్పు నా చేతిదే. మా వాడు ఊరికే అంటున్నాడనుకున్నా. మీరూ అన్నాక ఒప్పుకోక తప్పుతుందా? ఇప్పుడు లోపలికెళ్ళి నేనేం మాట్లాడతాను? పడ్డ మనిషి మాట ఎవరు వింటారు?"

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. అదే ఆయన్ని పట్టుకుంది. నిష్ఠూరంగా అని ఉంటే ఏదో ఒకటి చెప్పి దాటేసేవాడేమో.

"తప్పు మీ చేతిది కాదు" అన్నాడు. మొదలుపెట్టాక ఆపుకోలేకపోయాడు. "ఆ సీటు వెనక్కే ఉంది. ముందురోజు సాయంత్రం నేను తిప్పాను. సభవాళ్ళకి బాగా కనబడాలని. బ్రేకు తెగిందని నాకు తెలుసు. తెల్లారకుండా వచ్చి నిలబడదామనుకున్నాను. ఆలస్యమైంది. తరవాత తీగ నేనే వేశాను."

కూతురు "నాన్నా" అంది. అంతే అంది. అల్లుడు టీ గ్లాసు మెట్టు మీద పెట్టేశాడు.

"మా అమ్మని వారం రోజుల్నించి నేను తిడుతున్నాను మామయ్యగారూ. మీరు పక్కనే ఉండి విన్నారు" అన్నాడు.

మేస్త్రీ తలెత్తలేదు. వియ్యపురాలు కట్టు కట్టిన చేతిని రెండో చేత్తో పట్టుకుని, దానివైపే చూస్తూ నిలబడింది.

"చెయ్యి విరిగినందుకు కాదన్నయ్యగారూ" అంది చివరికి. "ఇన్ని రోజులూ దీన్ని నేనే తిట్టుకున్నాను. జన్మంతా చాకిరీ చేసిన చెయ్యి. పాపం, దాన్ని పట్టుకుని పనికిమాలినదానా అన్నాను."

తరవాత ఉన్నట్టుండి తలెత్తింది.

"మరి మిగతావి?"

"ఏవి?"

"మీరు తిప్పిన మిగతా సీట్లు. వెనక్కి తిప్పేశారా?"

మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు. ఇన్ని రోజులుగా తన సిగ్గునే తడుముకుంటూ కూర్చున్నాడు. ఓటయ్యేదాకా ఏదీ షెడ్డుకి తేవద్దని ఆఫీసరు అన్న మాట పట్టుకుని ఆ స్టాండు వైపే పోలేదు. ఆ సైకిళ్ళు అక్కడే, సీట్లు ముందుకి పెట్టుకుని, ఎక్కు ఎక్కు అన్నట్టు నిలబడి ఉన్నాయి. అంతవరకు పడ్డ సిగ్గు ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

"అయ్యో దేవుడా" అంది ఆమె మెల్లిగా. "వెళ్ళండి. ముందు వెళ్ళండి. లోపల సంగతి నేను చూసుకుంటాను." ఆయన చేతిలోంచి కార్డు వెనక్కి తీసుకుంది.

గేరు వ్యాను తీశాడు. మిట్ట మీద స్టాండు దగ్గర ఎవరో ఒకతను సంచి ముందు బుట్టలో పెట్టి సైకిలు బయటికి లాగుతున్నాడు. మేస్త్రీ వ్యాను ఆగకముందే దిగి, పరుగెత్తి, హ్యాండిలు పట్టుకున్నాడు.

"ఇది కాదు బాబూ. దీనికి గొలుసు ఆగదు."

"సీటు తిన్నగానే ఉందిగా" అన్నాడతను.

"ఉంది. నేనే పెట్టాను. అది తప్పు."

అతను వింతగా చూసి, ఇంకోటి తీసుకోబోయి, ఆగి, అసలు సైకిలే వద్దనుకుని నడిచి వెళ్ళిపోయాడు. ఒకటి రెండిటిని ఎక్కినవాళ్ళే అప్పటికే తిప్పి పోయారు. మిగిలినవాటి సీట్లు మేస్త్రీ ఒక్కొక్క మర విప్పి వెనక్కి తిప్పాడు. జేబులో ఫోను మోగుతూనే ఉంది. ఆఫీసరు. మూడోసారికి తీశాడు.

"ఎక్కడున్నావు మేస్త్రీ? మీ వియ్యపురాలు ఇక్కడ ఏం చెప్తోందో తెలుసా? వచ్చి కాదని చెప్పు."

"అవునని చెప్పమంటే వస్తాను సార్."

"నేనే కదయ్యా తిప్పమన్నది" అన్నాడు ఆఫీసరు తగ్గిన గొంతుతో, ఫోను పెట్టేశాడు.

సభలో ఆమె ఏం మాట్లాడిందో సాయంత్రం కూతురు చెప్పింది. గొంతు పెంచలేదట. బ్రేకు తీగలకే డబ్బు లేని చోట సీట్లు తిప్పుకోవలసి వచ్చిందని, మాకు నిధులు కావలసింది అందుకేనని, మిట్ట ఎక్కడానికి బ్యాటరీ కావాలి, దిగడానికి బ్రేకు కావాలి, రెండూ ఇవ్వమని అడిగిందట. పొదుపు తాత కళ్ళజోడు తుడుచుకోవడం మానేసి విన్నాడట. చివరికి సభ బాగుచేతలకూ కొత్త స్టాండ్లకూ డబ్బు ఇచ్చింది. బ్యాటరీ సైకిళ్ళ మాట వచ్చే ఏడాదికి వాయిదా వేసింది. ఉన్నవాటిని తిన్నగా చూసుకోవడం ముందు చేతకావాలని రాసుకున్నారు. ఆఫీసరుకు సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది, మేస్త్రీకీ వచ్చింది.

పేటలో అందరూ మెచ్చుకోలేదు. "మేస్త్రీగారు నిజం చెప్పి పుణ్యం కట్టుకున్నారు, మన మోకాళ్ళు ఇంకో ఏడాది అరగాలి" అని ఎవరో అన్నారని గేరు వచ్చి చెప్పాడు. గొంతు మార్చకుండానే చెప్పాడు. మేస్త్రీ మాత్రం, నిజం ముందే చెప్పి ఉంటే వాళ్ళకు ఆ ఏడాది మిగిలేదా అని ఆలోచించాడు. మిగిలేదో లేదో తెలియదు. చెయ్యి మాత్రం మిగిలేది.

ఆయన మళ్ళీ పొద్దున కూర్చుంటున్నాడు, కొద్దిసేపే. ఏమీ అడగడం లేదు.

కట్టు విప్పాక వియ్యపురాలు మళ్ళీ పనికి బయల్దేరిన రోజు ఆయన వెలుగు రాకముందే మిట్ట మీద ఉన్నాడు. స్టాండులో సైకిళ్ళన్నీ కొత్త తీగలతో ఉన్నాయి. ఒక్కొక్కటీ తనే నొక్కి చూశాడు. ఆమె శాలువా కప్పుకుని వచ్చింది, ఆయన్ని చూసి తలూపింది.

"బాగున్నారా అన్నయ్యగారూ. ఇంత పొద్దున్నే."

"బాగున్నాను చెల్లెమ్మగారూ. అన్నీ చూశాను. ఏదైనా తీసుకోండి."

"అలాగే" అంది.

ఒక సైకిలు తీసింది. సీటు తిన్నగా ఉంది. దాన్ని ఆమె చూడనైనా చూడలేదు. ముందు చక్రం లేపి తిప్పి, బ్రేకు నొక్కి, ఆగిందో లేదో చూసింది. వెనకదీ అలాగే చూసింది. నయమైన చేతితో ఒకసారి, బాగున్న చేతితో ఒకసారి. ఆమె వెనక వచ్చిన ఇద్దరు కూడా తమ సైకిళ్ళను అలాగే చూసుకున్నారు. ఇప్పుడు పేటలో అందరూ అలాగే చూసుకుంటున్నారు. సీటు చూసి ఎక్కే అలవాటు ఆ స్టాండులో పోయింది.

ఆయన పక్కనే నిలబడ్డాడు. నేను చూశానని ఇంకోసారి అనలేకపోయాడు. ఆమె తన పద్ధతి ప్రకారం అంతా ముగించేదాకా తల వంచుకుని ఆగాడు.